గొలుసు కథ: అంబాసిడర్ నుంచి డిజైర్ దాకా

గాజువాక ఆటోనగర్‌లో డీజిల్ కార్లు చూసే ఏ షెడ్డులో కాసేపు కూచున్నా ఒక మాట చెవినబడుతుంది. "చైను సాగిపోయింది బాబూ." వింటే అదేదో రబ్బరు బ్యాండు అనిపిస్తుంది. ఇంజన్‌లో ఉండే లాగుడుకి ఉక్కు గొలుసు సాగదు. జరిగేది వేరు. గొలుసులో ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు ఉంటాయి. ఆ రెండూ రాసుకుని రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో నూరోవంతు అరిగిందనుకుందాం. 120 కీళ్ళున్న గొలుసు మొత్తం మీద 1.2 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ఉక్కు పిసరంత కూడా సాగలేదు, గొలుసు మాత్రం పెరిగింది. షెడ్డు మాట ఫిజిక్స్ ప్రకారం తప్పు, లెక్క ప్రకారం ఒప్పు.

ఆ పెరిగిన పొడవుని ఎప్పటికప్పుడు మింగేసే చిన్న భాగం పేరు టెన్షనర్. బొటనవేలంత పిస్టన్. దాని వెనక ఒక స్ప్రింగు, స్ప్రింగుకి తోడు ఇంజన్ ఆయిల్ ప్రెషరు. అది చైను పక్కన ఒరిగి ఉన్న వంపు గైడుని నెడుతూ ఉంటుంది. చైను ఎంత వదులైతే పిస్టన్ అంత బయటికొస్తుంది. బిగువు మారదు, కాబట్టి చప్పుడు రాదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పిస్టన్ రాగలిగినంత బయటికి వచ్చేశాక ఇవ్వడానికి దాని దగ్గర ఇంకేమీ ఉండదు. అన్నేళ్ళ అరుగుదలా అప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది.

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో తేలినవాళ్ళ పెద్ద గుంపులో నేనూ ఒకణ్ణి. పరీక్షలో చైన్ డ్రైవ్ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, టెన్షనర్ అసలు స్వభావం అర్థమైంది ఉద్యోగంలోనే. సర్వర్‌కి పంపిన రిక్వెస్టు ఫెయిలైతే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే కోడ్ ఒకటి రాస్తాం. యూజర్‌కి ఏమీ తెలియదు, అన్నీ బాగున్నట్టే ఉంటుంది. ఒక రోజు ఆ ప్రయత్నాల పరిమితి దాటుతుంది, అంతా ఒకేసారి కూలుతుంది. లోపాన్ని సర్దుకుపోయే భాగం పెట్టినప్పుడు, అది ఎంత సర్దుకుపోయిందో చెప్పే మీటరు కూడా పెట్టాలి. ఇంజన్ల చరిత్రలో ఆ మీటరు ఎక్కడెక్కడ ఉంది, ఎప్పుడు మాయమైంది అన్నదే నా ఆసక్తి.

ముందు అసలు గొలుసు పని. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. వాల్వులు తెరుచుకునేది, మూసుకునేది ఆ లెక్క మీదే. చాలా ఇంజన్లలో వాల్వు దిగే చోటుకే పిస్టన్ కూడా పైకి వస్తుంది, వేర్వేరు క్షణాల్లో. ఆ క్షణాల తేడాని కాపాడేది గొలుసు. అది ఒకటి రెండు పళ్ళు జారిందంటే వాల్వూ పిస్టనూ ఎదురుపడతాయి.

ఈ గొలుసు పుట్టింది కారు కోసం కాదు, బట్టల మిల్లు కోసం. హన్స్ రెనోల్డ్ అనే స్విస్ కుర్రాడు 1873లో మాంచెస్టర్ చేరాడు. 1879లో సాల్ఫర్డ్‌లో మిల్లు యంత్రాలకి గొలుసులు చేసే జేమ్స్ స్లేటర్ వ్యాపారాన్ని కొన్నాడు. మరుసటేడే బుష్ రోలర్ గొలుసు తయారుచేశాడు. అంతకుముందు గొలుసుల్లో పిన్ను మీద బరువంతా సన్నటి అంచుల మీద పడి తొందరగా తినేసేది. రెనోల్డ్ పిన్నుకి బుష్షు తొడిగి ఆ బరువుని వెడల్పుగా పరిచాడు. సైకిలు, మోటారు సైకిలు, కారు ఇంజను, అన్నిట్లోనూ ఇవాళ్టికీ తిరుగుతున్నది ఆ ఆలోచనే. అరుగుదలని ఆయన బాగా తగ్గించాడు. ఆపలేకపోయాడు, ఎవరూ ఆపలేరు.

మన ఊరికి ఇది అంబాసిడర్‌లో వచ్చింది. 1933లో తెరిచిన పోర్టు, 1966లో ప్రాణాలిచ్చి సాధించుకుంటే 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, నేవీ. ఇన్ని ఆఫీసులున్న ఊళ్ళో తెల్ల అంబాసిడర్లకి కొదవేముంది. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957 చివర్లో మొదలెట్టిన ఆ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీకి మన అవతారం. కొద్ది కాలానికే అందులోకి 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్ వచ్చింది. ఆ ఇంజన్‌లో క్యామ్ షాఫ్ట్ పైన హెడ్డులో ఉండదు, కింద బ్లాకులోనే క్రాంక్‌కి పొరుగున ఉంటుంది. వాల్వుల్ని పొడవాటి పుష్‌రాడ్లు నెడతాయి. అంటే గొలుసు బెత్తెడు దూరం తిరిగితే చాలు. పొట్టి గొలుసుకి కీళ్ళు తక్కువ, అరుగుదల మొత్తం తక్కువ. టెన్షనర్‌కి ఒక రబ్బరు పాదం ఉండేది. చైను దాని మీద రాసుకుని గాడి పడేది. ఆ గాడి చూసి ఎన్నాళ్ళయిందో చెప్పేయొచ్చు.

తియ్యడం మాత్రం చిన్న పని కాదు. రేడియేటర్ దించాలి, క్రాంక్ ముందున్న పెద్ద నట్టు ఊడదియ్యాలి, కవరు విప్పాలి. అయితే అంబాసిడర్‌ని ఎలాగూ ఏడాదికోసారి ఏదో ఒక కారణానికి విప్పేవాళ్ళు. విప్పినప్పుడల్లా పనిలో పనిగా చైను మీద వేలేసి నొక్కి చూసేవాళ్ళు. ఆ కారుకి టెన్షనర్ మీటరు అంటే ఆ వేలే. నమ్మకం లేని బండి కాబట్టే దాని లోపల ఏముందో అందరికీ తెలుసు.

విశాఖలో ఇంకో రకం టెన్షనర్ ఉంది, దానికి మూత లేదు. 1976లో ఔటర్ హార్బర్ మొదలయ్యాక బైలదిల్లా ఇనుప ఖనిజం అక్కణ్ణించి జపాన్‌కి వెళ్ళింది. రైలు దించిన ఖనిజం ఓడ దాకా వెళ్ళేది కన్వేయర్ బెల్టుల మీద. పొడవాటి కన్వేయర్లకి మధ్యలో ఎక్కడో ఒక ఫ్రేములో పెద్ద బరువు వేలాడుతూ ఉంటుంది. బెల్టు సాగినకొద్దీ ఆ బరువు కిందకి దిగి బిగువు నిలబెడుతుంది. చేసే పని కారు ఇంజన్‌లో టెన్షనర్ చేసేదే. తేడా ఏమిటంటే, దిగువనున్న మనిషి తలెత్తి చూస్తే బరువు ఎంత కిందకి దిగిందో తెలిసిపోతుంది. ఇంకో రెండడుగులే మిగిలిందంటే బెల్టు కోసి కుదించి అతికిస్తారు. చదువు రాని కూలీ కూడా చదవగలిగే మీటరు అది.

కారు, బైకు మాత్రం వేరే దారి పట్టాయి. క్యామ్ షాఫ్ట్ బ్లాకులోంచి పైనున్న హెడ్డులోకి ఎక్కింది. వేగం పెరిగింది, మైలేజీ పెరిగింది, గొలుసూ పొడుగైంది. పొడుగు గొలుసు ఊగుతుంది, దానికి గైడులు కావాలి, టెన్షనర్‌కి ఇంకా ఎక్కువ పని. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100తో ఈ పొడుగు గొలుసు మధ్యతరగతి ఇంట్లోకి వచ్చేసింది. 'ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్' అన్న ఆ బండి ప్రకటన గుర్తుండే ఉంటుంది. పెట్రోలు పోయించు, మూత పెట్టు, మర్చిపో. అంబాసిడర్‌తో వేగిపోయిన దేశానికి మర్చిపో అన్న మాటకంటే తియ్యటిది ఏముంటుంది?

దీనికి పోటీగా రబ్బరు పళ్ళ బెల్టు వచ్చింది. జర్మనీలో గ్లాస్ అనే చిన్న కంపెనీ 1962లో తన 1004 మోడల్‌కి మొదటగా వాడింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోనూ బెల్టే. బెల్టుకి ఒక గొప్ప గుణం ఉంది. అది తన చావు తేదీ ముందే చెబుతుంది. ఇన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి అని పుస్తకంలో రాసి ఉంటుంది. ఓనరు తిట్టుకుంటాడు, డబ్బు కట్టి మార్పిస్తాడు, మళ్ళీ అన్ని వేల కిలోమీటర్లూ నిశ్చింత. ఇందులో చిరాకు ఉంది, మోసం లేదు. అమ్మేవాళ్ళకి నచ్చనిది ఆ చిరాకే. అందుకే మళ్ళీ గొలుసు వైపు వెళ్ళారు. ఈసారి గొలుసుతో పాటు ఒక మాట కూడా వచ్చింది: జీవితకాలం.

2003లో ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి చేసిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ దగ్గరికి వద్దాం. 1248 సీసీ, 16 వాల్వులు, పోలండ్‌లో పుట్టుక. అంత చిన్న డీజిల్ ఇంజన్‌లో అంత సత్తా అప్పటికి ఆశ్చర్యమే. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో మన దగ్గరికొచ్చింది, 2008లో డిజైర్‌లోకి, ఇండికా విస్టాలోకి. తర్వాత పుంటో, లీనియా, ఎర్టిగా, బ్రెజా. దీన్ని దేశపు 'జాతీయ ఇంజన్' అని కార్ల పత్రికలు మురిపెంగా పిలుచుకున్నాయి. చాలా మంచి ఇంజను. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. ఇందులో క్యామ్ షాఫ్ట్‌ని తిప్పేది గొలుసే, ఆయిల్ ప్రెషరుతో పనిచేసే టెన్షనర్‌తో.

2,50,000 కిలోమీటర్ల దాకా లోపల చెయ్యి పెట్టక్కర్లేని ఇంజన్‌గా దీన్ని రూపొందించామని ఫియట్ చెప్పుకుంది. ఆ లెక్క ఎవరి జీవితానిదో చూడండి. ఏడాదికి 15,000 తిరిగే యూరప్ కుటుంబానికి అది పదహారేళ్ళ పైమాట. రోజుకి 200 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగే విశాఖ టాక్సీకి నాలుగేళ్ళ రెండు నెలలు. బండి లోను తీరేసరికి 'జీవితకాలం' కూడా తీరుతుంది. ఆ తర్వాత రెండో ఓనరు, మూడో ఓనరు. డిజైన్ చేసినవాళ్ళ ఊహలో లేని మనుషులు వీళ్ళు.

గొలుసు అంత తొందరగా ఎందుకు అరుగుతుంది అంటే జవాబు ఆయిల్లో ఉంది. డీజిల్ మండినప్పుడు పుట్టే మసి కొంత ఆయిల్లోకి దిగుతుంది. పిన్నుకీ బుష్షుకీ మధ్య ఆ మసి సన్నటి గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఆయిల్ వేళకి మారిస్తే మసీ దాంతో పాటే పోతుంది. మార్చకపోతే రెండు నష్టాలు. గొలుసు అరుగుతుంది, చిక్కబడ్డ ఆయిలు సన్నదారుల్లోంచి టెన్షనర్‌ని చేరడం ఆలస్యమవుతుంది. దీనికి మన పోర్టు వైపు దుమ్ము కూడా కలుస్తుంది. పాతూరి జనం కిటికీల మీద బొగ్గు పొడి తుడుచుకోవడం గురించి దశాబ్దాలుగా మొరపెట్టుకుంటున్నారు. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూచోని కారుకి ఆ దుమ్ము వెళ్ళేదీ ఇంజన్‌లోకే.

అసలు ఇన్ని డీజిల్ కార్లు మన మీద ఎందుకు పడ్డాయి? పెట్రోలుకీ డీజిల్‌కీ మధ్య ధరలో అంత తేడా ప్రభుత్వం నిలబెట్టింది కాబట్టి. రైతు కోసం, లారీ కోసం పెట్టిన సబ్సిడీ మీద టాక్సీలూ, మా లాంటి ఉద్యోగుల కుటుంబాలూ బాగా తిరిగాయి. ఆ నియంత్రణని కేంద్రం 2014 అక్టోబరు 18న ఎత్తేసింది. విశాఖవాళ్ళకి ఆ వార్త సరిగా చేరి ఉండదు. హుద్‌హుద్ తీరం దాటి అప్పటికి ఆరు రోజులే. కరెంటు లేదు, బంకుల ముందు క్యూలు. ధర ఎంతన్నది కాదు, దొరుకుతుందా లేదా అన్నదే అప్పటి బాధ. ఆ తర్వాత బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి మారుతి డీజిల్ కార్లే మానేసింది. అంటే ఈ ఊళ్ళో తిరుగుతున్న మారుతి 1.3 డీజిల్ ఏదీ ఆ తేదీకి ఇటు తయారైంది కాదు. కొత్తవి రావు, ఉన్నవి ముసలివవుతాయి.

మా వీధిలో ఒకతనున్నాడు, అన్నయ్యా అని పిలుస్తాను. పాత డీజిల్ కారు ఒకటి కొని టాక్సీకి తిప్పేవాడు. అతను మూడో ఓనరు. చలికాలం సీజన్లో అరకు ట్రిప్పుకి వెళ్ళి రాత్రి అక్కడే ఉన్నాడు. పొద్దున్న చలిలో స్టార్ట్ చేస్తే కటకటమని రెండు మూడు సెకన్లు మోగింది. ఆ చప్పుడు కొన్ని వారాలుగా వస్తున్నదే. ఈసారి ఆగలేదు, ఒక్కసారి గట్టిగా కొట్టి ఇంజన్ ఆగిపోయింది. చైను జారింది. కారుని ఇంకో బండి మీద ఘాట్ రోడ్డంతా దింపి ఊళ్ళోకి తెచ్చారు. హెడ్డు విప్పితే రాకర్లు విరిగి, వాల్వులు వంగి ఉన్నాయి. రిపేరుకి చెప్పిన రేటు అతని నెల కంతుకి చాలా రెట్లు. సంక్రాంతి దాకా ఉండే అరకు సీజన్ పోయింది. చివరికి కారుని ఉన్నదున్నట్టుగా వచ్చినకాడికి అమ్మేసి, ఇప్పుడు వేరేవాళ్ళ బండి జీతానికి నడుపుతున్నాడు. ముందు ఓనరు ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చాడో చెప్పే కాగితం ఒక్కటీ ఆ కారులో లేదు. ఓడోమీటర్ ఉంది, సీటు కవర్లు కొత్తవి. టెన్షనర్ పిస్టన్ ఎంత బయటికొచ్చిందో చూపే కిటికీ మాత్రం లేదు. కొన్నవాడు ఏం చూసి కొంటాడు?

పొద్దుటి ఆ కటకటే ఈ కథలో మిగిలిన ఒకే ఒక్క మీటరు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో టెన్షనర్‌లోని ఆయిలు కిందకి జారిపోతుంది. స్టార్ట్ చేశాక ప్రెషరు వచ్చేదాకా చైను వదులుగా కొట్టుకుంటుంది. వేడెక్కాక నోరు మూసుకుంటుంది. నేను మాట్లాడిన ఒక పెద్ద మేస్త్రీ, అంబాసిడర్ల కాలం నుంచీ పని చేస్తున్నాయన, దీన్ని ఇలా చెప్పాడు: "బండి పొద్దున్నే మాటాడతాది బాబూ. మద్దేనం తెచ్చి చూడమంటే ఏటి సెప్తాది?" అందుకే ఆయన అనుమానం ఉన్న కారుని రాత్రి షెడ్డులోనే ఉంచమంటాడు. పొద్దున్నే పొడవాటి స్క్రూడ్రైవర్ మొన టైమింగ్ కవరు మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కుర్రాణ్ణి స్టార్ట్ చెయ్యమంటాడు. డీజిల్ ఇంజన్ మామూలుగానే గోల. ఆ గోలలోంచి ఇంజెక్టర్ చప్పుడుని ఒక పక్కన పెట్టి, చైను చప్పుడుని ఏరడం చెవికి ఏళ్ళ తరబడి అబ్బాలి.

నా బ్యాగులో స్కానర్ ఉంది. పి0016 అనే కోడ్ వస్తే క్రాంక్‌కీ క్యామ్‌కీ పొత్తు కుదరడం లేదని అర్థం. నాకది ఎర్రర్ లాగ్ లాంటిది, ముద్దొస్తుంది. కానీ టెన్షనర్ సర్దుకుపోతున్నంత కాలం ఆ తేడా చిన్నగానే ఉంటుంది, కోడ్ రాదు. వచ్చేసరికి చాలాసార్లు ఆలస్యం. ఈ విషయంలో మేస్త్రీ చెవి నా స్కానర్ కంటే ముందుంది, ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఇది మన పేద రోడ్ల సమస్య అనుకునేవాళ్ళు కొంచెం బయటికి చూడాలి. బీఎండబ్ల్యూ తన ఎన్47 డీజిల్ ఇంజన్‌లో గొలుసుని వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన పెట్టింది. చైనుకి తేడా వస్తే పెద్ద కోతే. అమెరికాలో ఫోక్స్‌వాగన్, ఆడి ఓనర్లు టైమింగ్ చైన్లు, టెన్షనర్ల మీద కలిసికట్టుగా కోర్టుకెళ్ళారు. 2018లో న్యూజెర్సీలో రాజీ కుదిరి వారంటీ పొడిగింపు, ఖర్చుల వాపసు సాధించుకున్నారు. కొన్ని ఫోక్స్‌వాగన్ ఇంజన్లలో చిన్న ప్లగ్గు తీసి టెన్షనర్ పిస్టన్ మీద గాట్లు లెక్కపెట్టే వీలుంది. ఎన్ని గాట్లు కనిపిస్తే అంత అరిగినట్టు. అంటే కిటికీ పెట్టడం అసాధ్యమేమీ కాదన్నమాట. పెట్టాలన్న ఆలోచన రావాలి, అంతే.

ఇక్కడ ఒక పక్కమాట. ఉక్కు నగరం అంటాం కదా, ఈ గొలుసుకి మన ఉక్కు వాడతారా అని చాలామంది అడుగుతారు. లింకు పలకల్ని పల్చటి ఉక్కు రేకులోంచి అచ్చుతో కొడతారు. విశాఖ స్టీల్ ప్లాంట్ చేసేవి కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిల్స్. రేకుల పని రూర్కెలా లాంటి చోట్లది. ఇంకో పక్కమాట, ఇది సాహిత్య పత్రిక కాబట్టి. విశాఖ కథల్లో కోర్టులున్నాయి, సారా ఉంది, రావిశాస్త్రి గారి పుణ్యమా అని వాటి భాష కూడా మనకి దక్కింది. షెడ్డు భాష మాత్రం నేను చదివినంతలో ఎక్కడా పెద్దగా దిగలేదు. చెవితో వినే ఆ మేస్త్రీల తరం రిటైరవుతోంది. ఇంజన్లూ వాళ్ళతో పాటే వెళ్తున్నాయి. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ నుంచి రద్దయింది. పోర్టు గోడ పక్కన ఎండకి ఎండి వానకి తడిసిన పాత అంబాసిడర్ల కాలం అయిపోయింది. డిజైర్లది ఇప్పుడు మొదలవుతోంది.

మా ఇంటి డీజిల్ కారు ఇప్పుడు 2,10,000 కిలోమీటర్ల మీద ఉంది. పొద్దుటి చప్పుడు లేదు, కోడ్ లేదు. నాన్న ప్రతి ఆయిల్ బిల్లూ ఒక ఫైల్లో పెట్టారు. నిన్నటి కారుకి ఇంత పెట్టుబడి దేనికని అమ్మ, బాగున్నదాన్ని విప్పడం దేనికని నాన్న. విప్పాలన్నది నా పక్షం. కవరు విప్పే ముందు లాకింగ్ పిన్నులు పెట్టి క్రాంక్‌నీ క్యామ్‌నీ కదలకుండా బిగించే సరంజామా ఉన్న షెడ్డే కావాలి. గుర్తులు సుద్దముక్కతో గీసి పని కానిచ్చే చోట వద్దు. వేసేది కూడా చైను ఒక్కటే కాదు, గైడులు, టెన్షనర్, పళ్ళచక్రాలతో పూర్తి కిట్టు. అరిగిన పళ్ళ మీద కొత్త గొలుసు వేస్తే కొత్తది కూడా తొందరగా పాతదవుతుంది.

మొన్న శనివారం ఇద్దరం కలిసి పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. నాన్న తన ఫైలు ముందు పెట్టారు. ఆయన దాన్ని చూడలేదు. వేరే కారులోంచి తీసిన పాత చైనుని అడ్డంగా, పక్కవాటుగా పట్టుకున్నాడు. అది విల్లులా కిందకి వంగింది. పెట్టెలోంచి కొత్తది తీసి అలాగే పట్టుకుంటే దాదాపు తిన్నగా నిలబడింది. తర్వాత రెండిటినీ గోడనున్న ఒకే మేకుకి తగిలించి, కింది కొసలు చూడమన్నాడు. నాన్న కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూశారు. తేడా బియ్యపు గింజ మందం ఉంది.

"ఇంతేనా?" అన్నారు నాన్న.

"అంతే సార్" అన్నాడాయన, కుర్రాడికి టీ తెమ్మని చెబుతూ.